డబ్బా కలుపుడు

గోదావరిఖని బొగ్గు బాయిలో ఫస్టు షిఫ్టు ముగించి పైకొచ్చిన నర్సింగం, సారక్క టీ కొట్టు బెంచీ నడుమ కూర్చున్నాడు. పక్కన నిలబడ్డ కొత్త కార్మికుడు శ్యామ్‌ని చూస్తూ అందుకున్నాడు.

"ఏం పిలగా, బాయిల చేరి నెలైంది, ఇంకా ఒక్కన్నే తింటున్ననని గులుగుతున్నవట? మా గ్యాంగుల డబ్బా కలుపుడంటె అల్కగ అయితదా? లోపట అందరి డబ్బాలు ఒక్కకాడ పెట్టుకొని తింటం. నీ డబ్బాల మా చెయ్యి పడ్డదంటె నువ్వు మావోడివి. గది ఊకెనె రాదు, ఏదన్న చేసి చూపియ్యాలె. నేను చేరిన దినం బొగ్గు టబ్బు పట్టా దిగి పడ్డది. నలుగురు ముక్కుతున్నరు. జరగుండ్రి అని ఒక్క భుజంతోని ఎత్తి పట్టా మీద పెట్టిన."

"ఒక్కనివేనా!" సారక్క టీ వడగట్టడం ఆపింది.

"గదేం జూసినవ్. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? ఫెళ్లుమని కప్పు ఇరిగింది. ఆసరాకు పెట్టిన మొద్దులు పటపట ఇరుగుతున్నయి. నేను నడుమల నిలవడి నెత్తితోని ఆపిన. టోపీ సొట్ట వోయింది గని నెత్తికి ఏం గాలె."

"అవ్వో! నెత్తితోనా!"

"ఇంకుంది ఆగు. కప్పుకు బొంద పడి పైనున్న గోదావరి లోపటికి దుంకింది. నా ఈపు అడ్డం పెట్టి షిఫ్టు అయ్యెదాక ఆపిన. ఏందో ఈపుల గుద్దుతున్నదని చెయ్యి ఎనుకకు పెట్టి గుంజితె మనిషంత చేప! గ్యాంగంత వేంచుకొని తిన్నరు."

"అగ్గిపెట్టె జేబుల ఉంటె బాయి దిగనియ్యరు గదన్నా, అగ్గెక్కడిది?" అంది సారక్క.

"అగ్గెందుకే? నదిని ఆపి ఆపి నా ఈపే పెనం లెక్క కాలింది. గా దినం అందరు నా డబ్బాల చెయ్యి పెట్టిన్రు. నువ్వేం చేసినవ్ పిలగా?"

శ్యామ్ తల దించుకున్నాడు. వాడికి మనసు చివుక్కుమంది.

"అన్నా, ఇయ్యాల నీ డబ్బా ఏది?" అంది సారక్క.

"డబ్బాదేముంది, మరిచిన."

అప్పుడే వచ్చిన ఆగయ్య, అదే గ్యాంగు మనిషి, అందుకున్నాడు. "మరిచిందేం లేదు. బండ కింద ఉన్నది."

"బండ కిందనా!" అంది సారక్క.

"ఇయ్యాల తినేటప్పుడు ఈ పిలగాడు రాడ్డుతోని కప్పు కొట్టి చూసిండు. బండ వదులైనట్టు చప్పుడు తేడా వచ్చింది. నర్సింగం కాళ్లు వట్టి ఇవతలికి గుంజిండు. ఈన వాన్ని తిడుతున్నడు, తిట్టు ఒడువక ముందె ఈన కూసున్న కాడ మంచమంత బండ పడ్డది. ఏం నర్సింగం, కప్పును నెత్తితోని ఆపెటోడివి, ఇయ్యాల ఎందుకు ఆపలె?"

"అయ్యో దేవుడా! బతికినవా అన్నా!"

"బతికి దూరం పోయి కూసున్నం. నర్సింగం, నీకు బువ్వ లేదని ఈ పిలగాడు తన డబ్బా ముందర పెట్టిండు. సగం నువ్వే తింటివి గదనే. మరి డబ్బా కలిసినట్టా, కలవనట్టా?"

నర్సింగం గ్లాసు కింద పెట్టాడు. తర్వాత బెంచీ మీద కొంచెం జరిగి శ్యామ్‌కి చోటిచ్చాడు.

"పప్పుల ఉప్పు తక్కువైంది శ్యామూ. రేపు జర ఎక్కువ పెట్టుమను మీ అమ్మను. పప్పు గూడ. అందరికి సాలాలె."