ముక్కల మాస్టారితో నా వాదన

సభకు అధ్యక్షత వహిస్తున్న డైరెక్టరు గారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న మాస్టారి శ్రీమతికి, అంటే మా అక్కయ్యగారికి, మిత్రులందరికీ నమస్కారం.

ఈరోజు పదవీ విరమణ చేస్తున్న మాస్టారిని పొగడమని నన్ను పిలిచారు. ఈ ఆఫీసులో ఆయనతో అందరికంటే ఎక్కువ పోట్లాడినదాన్ని నేను. పొగడ్త కాస్త చేదుగా ఉంటే సర్దుకోండి. (నవ్వులు)

మనం తయారుచేసే లినక్స్, అంటే కంప్యూటర్లను నడిపే వ్యవస్థ, ఆసుపత్రుల్లో, గ్రంథాలయాల్లో నడుస్తుందని ఇక్కడికి వచ్చిన బంధువులకు తెలియకపోవచ్చు. అందులోని ప్రోగ్రాములన్నిటినీ ఒకదానికొకటి సరిపడేలా పరీక్షించి, ఒకే కట్టగా పంపడం మన పద్ధతి. మాస్టారు వచ్చి, "కట్ట విప్పుదాం. దేనికది మాడ్యూల్‌గా, విడి ముక్కగా ఇద్దాం. పాత వర్షన్ కావలసినవాళ్లు పాతది, కొత్తది కావలసినవాళ్లు కొత్తది పెట్టుకుంటారు" అన్నారు. ముక్కల మాస్టారని పేరు పడింది అప్పుడే. ఎవరు పెట్టారో అక్కయ్యగారికి తెలుసు; అలా నా వైపు చూడకండి. (నవ్వులు)

"ముక్కలు చేయడం తేలికేనండీ, అతుకులు ఎవరు చూస్తారు?" అన్నాను నేను.

"రక్తపరీక్షల గదిలో యంత్రం పాత డేటాబేస్‌తో తప్ప పనిచేయదమ్మా. మన కొత్త కట్ట వేస్తే అది ఆగిపోతుంది, వేయకపోతే ఆసుపత్రి కంప్యూటర్లన్నీ తలుపుల్లేని ఇళ్లే. వాళ్లనేం చేయమంటావ్?"

ఓటింగులో ఆయన నెగ్గారు. ఆ యంత్రం ఆగలేదు, కంప్యూటర్లకు రక్షణా తగ్గలేదు. ఈ మాట చెప్పకపోతే నాది అన్యాయం.

కానీ వీలు దొరికిందే చాలని అందరూ అన్నిటినీ మాడ్యూళ్లు చేసేశారు. ఒకటి ఇంకొకదాని కొంగు పట్టుకుని, అది మరొకదాన్ని లాగి, కొత్త విడుదలకు మారబోయిన గ్రంథాలయాల కంప్యూటర్లు ముందుకు పోలేక, వెనక్కి రాలేక నిలిచిపోయాయి. దాని మీద పెట్టిన మీటింగుకి నేను కత్తులు నూరుకునే వెళ్లాను. నేను నోరు తెరిచేలోగా మాస్టారే లేచారు.

"రెండు వర్షన్లు నిజంగా అవసరమైన చోట ఉంచుదాం. మిగతావి కట్టలోకి పోవాలి. విడదీసింది నేను, కలిపేదీ నేనే."

ఆ తరువాత తన పనిని తానే ఒక్కొక్కటిగా తీసేస్తూ, ప్రతిసారీ నా బల్ల దగ్గరికొచ్చి, "అతుకు కనబడుతోందేమో చూడమ్మా" అనేవారు. నేను చూసేదాన్ని. ఎదుటివాళ్ల తప్పు పట్టడానికి సిద్ధపడి వెళ్లిన మనిషికి అది తేలికైన కాలం కాదు.

మిగిలిన ఆ కొద్ది మాడ్యూళ్లను ఇకపై ఎవరు చూస్తారని మొన్న డైరెక్టరు గారు అడిగితే గదంతా తలలు వంచుకుంది. నేను చెయ్యెత్తాను. మాస్టారు ఆశ్చర్యపోయి, "నీకు వాటి మీద నమ్మకం లేదు కదమ్మా!" అన్నారు.

"ఇప్పటికీ లేదండీ. అందుకే ఒళ్లు దగ్గర పెట్టుకుని చూస్తాను."

ఆయన చాలాసేపు నవ్వారు. ఓపికగా విన్న మీ అందరికీ, ఇన్నేళ్లూ నాతో వాదించిన మాస్టారికీ కృతజ్ఞతలు. ఇక సెలవు.