లోపలి మీట

(పళ్ళ డాక్టరు గుమ్మం ముందు ఆగిన కారు. లోపల స్టీరింగు దగ్గర తల్లి, అద్దం బెత్తెడు దించి. బయట రిమోటు పట్టుకుని కొడుకు; కార్లకు తాళాల మోటార్లు బిగించడం అతని పని.)

"మళ్ళీ వేసేశావా? ఇప్పుడేగా తీశాను."

"నువ్వు తియ్యి, నేను వేస్తాను. నాకేం తొందర లేదు."

"అమ్మా, నన్ను ఎక్కనియ్యి. ఇంటికి పోదాం."

"పన్ను పీకించుకుని రా, ఎక్కిస్తాను."

"నొప్పి తగ్గిపోయింది."

"రాత్రంతా ఇల్లు పీకి పందిరేశావు. ఆ చెంప చూడు, బంతి మింగినట్టుంది. తగ్గిందట!"

"రేపు వద్దాం. రేపు ఖాయం."

"ఎప్పుడడిగినా రేపే. పో లోపలికి."

"ఇదిగో నొక్కుతున్నా... చూడు, తెరుచుకుంది."

"చూడు, మూసుకుంది."

"అమ్మా, ఆ మోటార్లతో ఆటలొద్దు. నేను రిమోటు నొక్కితే లోపలి పెట్టెకి కబురెళ్తుంది. అది నాలుగు తలుపుల మోటార్లకీ కరెంటు పంపుతుంది. మోటారు తిరిగి కడ్డీని లాగితే గడియ వదుల్తుంది."

"మరి నేను మీట నొక్కితే?"

"కరెంటు ఎదురు తిరిగి వెళ్తుంది. మోటారు వెనక్కి తిరుగుతుంది, గడియ పడుతుంది. ఇలా మాటిమాటికీ తిప్పితే వేడెక్కి మొరాయిస్తుంది."

"మూసున్నప్పుడు మొరాయిస్తే నాకే మంచిది."

"అసలా మీట నీకెవడు పెట్టాడు?"

"నువ్వే నాయనా. 'బయట ఎవడైనా తలుపు లాగితే ఇది నొక్కు, వాడి తాత దిగొచ్చినా ఎక్కలేడు' అన్నావు."

"దొంగల గురించి చెప్పానమ్మా!"

"పన్ను పీకించుకోకుండా పారిపోయేవాణ్ణి ఏమంటారు?"

"భయమేస్తోందమ్మా. నిజంగా. లోపల ఆ మిషను చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తోంది."

"పిచ్చి సన్నాసీ, చీమ కుట్టినట్టుంటుంది, అంతే. నువ్వు కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతుంది."

"అంత తేలికా?"

"నేనైతే నవ్వుతూ కూచుంటాను ఆ కుర్చీలో."

"అయితే నువ్వూ రా. పక్కనుండు."

"ఉంటానురా. నీ చెయ్యి పట్టుకునే కూచుంటాను. అదిగో, నర్సు కూడా బయటికొచ్చింది. పద, దిగుతున్నా."

"ఏమండీ, డాక్టరుగారు రమ్మంటున్నారు."

"వస్తున్నామమ్మా. మావాడికి కాస్త బెరుకు, పీకేటప్పుడు గట్టిగా పట్టుకోండి."

"ముందు ఆయనది కాదండీ, మీది. దవడ పన్ను కదులుతోందట కదా? మీ అబ్బాయిగారు ఫోన్లో మీ పేరు కూడా రాయించారు."

"నా పేరా?"

"ఒకవైపే నములుతున్నావుగా అమ్మా. ఎలాగూ వస్తున్నాం కదా అని..."

"ఓహో."

"అమ్మా? మళ్ళీ ఎక్కి తలుపేశావేం? అమ్మా, బండి స్టార్ట్ చేశావేం?"

"తలుపు తీశాను. మాట్లాడకుండా ఎక్కు, తొందరగా."