తీసేసిన ఫోల్డరు

ఫోన్ ప్రోగ్రాములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ మూడోసారీ అదే చెప్పింది: ఫైలు కనబడటం లేదు. టెక్కలి కాలేజీ ల్యాబ్‌లో ఫ్యాను కిందే రూతుకి చెమటలు పట్టాయి. పక్క కుర్చీలోని కామేశ్ గొంతు తగ్గించాడు.

"నిన్న బాగానే పన్జేసింది కదేటి. ఏటైనా తీసీసినావా?"

"నీ పేరున్న ఫోల్డరు తీసీసినాను."

"సాఫ్ట్‌వేర్ ఎక్కించింది అందులోనే కదా. ఎందుకు తీసీసినావు?"

"బారువ బీచ్‌లో మనిద్దరం దిగిన ఫొటో కూడా అందులోనే ఉంది. ఈ ల్యాబ్ సూసుకునేది మా అన్నయ్య. సిస్టమ్‌లన్నీ ఓసారి సూడాలని నిన్న అన్నాడు. బయమేసింది."

"తీసీసినవి రీసైకిల్ బిన్‌లో ఉంటాయిలే. ఫోల్డరు వెనక్కి తెచ్చి, ఫొటో ఒక్కటీ తీసీద్దాం. మీ అన్నయ్యేడీ?"

"తెలీదు. పొద్దున్న పలాస నుంచి వచ్చినప్పుడు బస్సులో రోజూలాగ నా పక్కన కూకోలేదు."

కామేశ్ ఫోల్డరు వెనక్కి తెచ్చాడు. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది.

"ఇంక ఫొటో తీసీ," అంది రూతు.

"ఫొటో లేదు."

"సరిగ్గా సూడు."

"రెండుసార్లు సూసినాను. నువ్వు తీసీసినప్పుడు ఉందా?"

"ఉంది. నువ్వు నవ్వుతున్నావని ఓసారి సూసి మరీ తీసీసినాను."

తలుపు బయట ఎవరో చెప్పులు విడుస్తున్నారు.