వాపు ఇంజెక్షన్

"కత్తెర కింద పెట్టండమ్మా."

"ముందు వాడికి ఇంజెక్షన్ వెయ్యి. తర్వాత పెడతాను."

అత్యవసర విభాగం గదికి లోపల గడియ పడి ఉంది. డాక్టరమ్మ ఎడమ ముంజేయి విరిగి, మెడకు కట్టిన గుడ్డలో వేలాడుతోంది. అది విరగ్గొట్టినవాడు ఎదురుగా మంచం మీద స్పృహ లేకుండా పడి ఉన్నాడు. పొద్దున తన అన్న చనిపోయాడని ఆమె చెప్పగానే సెలైన్ స్టాండు పీకి మీద పడ్డాడు. వార్డు మనుషులు దాన్ని లాక్కుని, దాంతోనే అతని తల పగలగొట్టారు. ఇప్పుడు డ్రెస్సింగ్ కత్తెర పట్టుకుని ఆమెకూ తలుపుకూ మధ్య నిలబడ్డది అతని తల్లి.

"ఏ ఇంజెక్షనమ్మా?"

"తెలీనట్టు అడుగుతావేం? తలకి దెబ్బ తగిలితే వేస్తారే, వాపు ఇంజెక్షన్. పెద్దాడికీ వెయ్యలేదు నువ్వు. మందుల షాపాయన చెప్పాడు. ఎదురు క్లినిక్కులో పెద్ద డాక్టరు ఎవరొచ్చినా ముందు అదే పొడుస్తాడంట."

"పొడుస్తారు. ఆయన జలుబుకి కూడా అదే పొడుస్తారు. నాకు పాఠం చెప్పింది ఆయనే. నేనూ ఒకప్పుడు చాలామందికి పొడిచాను."

"మరి?"

"ఇప్పుడు వెయ్యను."

"వీడు నీ చెయ్యి విరిచాడని. అంతేగా? చెప్పు, అంతేగా?"

"కాదు."

"పెద్దాడు నిన్నేం చేశాడు? వాడికెందుకు వెయ్యలేదు?"

"వేసినా వాడు..."

"వేసుంటే బతికేవాడు!"

"అమ్మా, మెడ మీద గుచ్చుకుంటోంది. రక్తం వస్తోంది చూడండి. కొంచెం వెనక్కి... ఆ, చాలు. వినండి. దెబ్బకి తల లోపల వాస్తుంది, ఈ మందు వాపు తగ్గిస్తుంది, కాబట్టి మనిషి బతుకుతాడు. అందరం అలాగే అనుకున్నాం. ఏళ్ల తరబడి అనుకుంటూనే ఉన్నాం. అనుకోవడమే గానీ ఎవరూ గట్టిగా లెక్క చూడలేదు. చివరికి చాలా దేశాల డాక్టర్లు కలిసి చూశారు. తలకి దెబ్బలు తగిలినవాళ్లు, వేలమంది. చీటీ తీసినట్టు సగంమందికి మందు, సగంమందికి ఉత్త నీళ్లు."

"చీటీలా? మనుషుల ప్రాణాలతో చీటీలాడారా?"

"అంతకుముందు మేం ఆడింది అంతకంటే ఘోరం. గుడ్డిగా పొడిచాం. తీరా చూస్తే, మందు పడ్డవాళ్లే ఎక్కువమంది పోయారు. ఆ పరీక్షలోకి ఇంకా మనుషుల్ని చేర్చుకోవడం అక్కడితో ఆపేశారు."

"అబద్ధం."

"నేనూ మొదట అదే అన్నాను."

"ఆ వేలమందిలో నా కొడుకున్నాడా? ఎవరో ఎక్కడో చస్తే వీడికేంటి?"

"లేడు. వీడికి ఏమవుతుందో నాకు తెలీదు. ఎవరికీ తెలీదు. తెలీదు కాబట్టే, అంతమందికి ఏమైందో చూసి నడుచుకోవాలి."

"మాటలు. మాటలు చెప్పే పెద్దాణ్ణి మింగావు."

"మందు ఆ అల్మారాలోనే ఉంది. ఒక్క చేత్తో వెయ్యగలను. అడిగింది తల్లి, వేసింది డాక్టరు. నన్ను ఎవరూ పల్లెత్తు మాట అనరు. వీడి మీద పగ తీర్చుకోవాలనే ఉంటే, మీరు అడగ్గానే వేసేసేదాన్ని."

"ఆ చప్పుడేంటి?"

"బయట తలుపు బాదుతున్నారు. గడియ తియ్యనా?"

"తియ్యకు."

"మీ పెద్దాడు ఎలా పడ్డాడమ్మా?"

"చెప్పాగా. మెట్లు జారాడు."

"వాడికి నడినెత్తిన పగిలింది. ముంజేయి కూడా విరిగింది. ఇదిగో, నాది విరిగిన చోటే. తల మీదకి దెబ్బ వస్తుంటే అడ్డం పెడతామే, అప్పుడు విరిగే చోటు."

"మెట్లు జారాడు."

"మీ చెవి కింద ఆ నలుపేంటి?"

"తలుపు తగిలింది."

"ఆ ముందు పన్ను?"

"తలుపే."

"ఏ తలుపమ్మా?"

"ఏ తలుపేంటి, ఇంట్లో ఉన్న తలుపు. ఇరవై ఆరేళ్లు పెంచిన తలుపు. చాలా? అదిగో, మంచమ్మీద పడుంది చూడు."

"కూర్చోండి."

"కూర్చోను. నన్ను కొడుతుంటే పెద్దాడు అడ్డం వచ్చాడు. ఎప్పుడూ వాడే వచ్చేవాడు. ఈసారి వీడి చేతిలో ఇనపరాడ్డుంది. ఒకటి చెయ్యి మీద, ఒకటి తల మీద. పడిపోయాక కూడా ఆపలేదు. నేను కాళ్లు పట్టుకుంటే ఆపాడు."

"మరి నా మీద పడ్డది?"

"డాక్టరు చంపిందని పదిమందీ చూడాలిగా."

"మీరు ఎవరితోనూ చెప్పలేదు."

"చెప్పి? ఒకడు పోయాడు. వీణ్ణి పోలీసులకిచ్చి, నేనొక్కదాన్ని ఏం చేసుకోను? వీడైనా మిగలనీ అనుకున్నా. ... మిగులుతాడా?"

"స్కాన్ చూశాను. లోపల రక్తం పెద్దగా లేదు. ఆ ఇంజెక్షన్ జోలికి పోకుండా, జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉంటే లేస్తాడు."

"లేస్తాడు."

"లేస్తాడమ్మా."

"లేచి మళ్లీ ఆ ఇంటికే వస్తాడు."

"ముందు కత్తెర ఇటివ్వండి."

"ఇదిగో, తీసుకో. ... ఆ మందు పడితే ఎంతమంది పోయారన్నావు?"

"వెయ్యనివాళ్ల కంటే నూటికి ముగ్గురు ఎక్కువ."

"ముగ్గురేనా?"

"ముగ్గురంటే తక్కువ కాదమ్మా."

"అంతకంటే గట్టిది లేదా డాక్టరమ్మా, నీ దగ్గర?"