నీళ్ళ గది

గుణదలలో ఒక పాత గోదాము. గేటు బయట జనం నిలబడి ఉన్నారు. లోపల నల్లటి తెర ముందు హరిబాబు, అతని భార్య రామతులసి. స్విచ్చుల బల్ల దగ్గర సహాయకుడు డేనియల్.

"...ముందు నా మాట వినండి. బయట వాళ్ళని పంపించెయ్యండి. ఇది మనకొద్దు."

"తులసీ, పొద్దున్నించీ నిలబడి ఉన్నారు వాళ్ళు. పేపర్లో కూడా వేశారు."

"ఏమని వేశారు? బుడమేరు వరదని ఆట చేశారనా?"

"ఆట కాదు. అంటే... మొదట ఆటే. ఫోన్లో ఆడుకునేది. ఇప్పుడు దాన్ని గది చేశాం. నాలుగు గోడల మీదా నీళ్ళు, కాళ్ళ కిందా నీళ్ళు. మనిషి ఆటలోకి నడిచి వెళ్తాడు. ఇన్‌స్టలేషన్ అంటారు దీన్ని."

"ఏదైనా అననివ్వండి. లోపలున్నది మన సింగ్‌నగర్ ఇల్లేగా?"

"ఇల్లే. వీధి కూడా. కొలతలు తీసి ఉన్నదున్నట్టు కట్టాను."

"చిన్ని?"

"డేనియల్, ఆ సౌండు ఒకసారి చూడు."

"చూశాను సార్, బాగానే ఉంది."

"నా మొహం చూసి చెప్పండి. చిన్ని ఉందా లోపల?"

"ఉంది."

"బతుకుతుందా?"

"తులసీ, ఇప్పుడు..."

"అడుగుతున్నానండీ. మీ ఆటలో నా కూతురు బతుకుతుందా?"

"బతకదు. ఎవరు ఆడినా బతకదు. డేనియల్‌ని అడుగు, వాళ్ళ ఫ్రెండ్సందరూ ఆడారు. వీధి చివర పడవ కనిపిస్తుందిగా, పాపనెత్తుకుని అందరూ అటే వెళ్ళారు. ఆరోజు నేను వెళ్ళినట్టే. నా చేతుల్లోంచి జారినట్టే అందరి చేతుల్లోంచీ జారిపోయింది."

"అంటే వచ్చినవాళ్ళందరూ వరసగా... మళ్ళీ మళ్ళీ నా పిల్లని... ఎందుకు కట్టారండీ ఇది? ఎందుకు?"

"బయటికొచ్చి ఒక్కొక్కడూ నాతో ఏమన్నాడో తెలుసా? 'ఎవరివల్లా కాదు సార్' అన్నాడు. ఆ మాట విన్నరోజు నేను నిద్రపోయాను తులసీ."

"నేను చెప్పలేదా ఆ మాట? ఎన్నిసార్లు చెప్పాను!"

"వరదొచ్చిన రోజు నువ్వు ఇంట్లో లేవుగా. చీరలకని మంగళగిరి వెళ్ళావు. నువ్వు నా మీద జాలితో చెప్పావు. వీళ్ళు ఆడి చెప్పారు."

"అయితే నేనూ ఆడతాను."

"వద్దు."

"నా మాట మీద నమ్మకం లేదుగా మీకు. ఆడే చెప్తాను."

"వద్దు, నీకు... వద్దు. డేనియల్, నువ్వు చెప్పు."

"మేడం, మీరు తట్టుకోలేరండి."

"ఇంట్లో తట్టుకుంటున్నానుగా. ఏం చెయ్యాలో చెప్పండి."

"ఈ మూట ఎత్తుకోవాలండి. దీన్ని మీరెటు తీసుకెళ్తే గోడ మీద పాప అటు వెళ్తుంది."

"ఇంత బరువేంటి?"

"చిన్ని బరువే, తులసీ. తడిసిన గౌనుతో."

"...తెర తియ్యండి."

"తులసీ! ఆగు, ఆగు... వెళ్ళిపోయింది. నీకేమైనా కనిపిస్తోందా డేనియల్?"

"లేదు సార్. బొమ్మంతా లోపలే. ఇక్కడ స్విచ్చులే."

"వినిపిస్తోందా?"

"నీళ్ళ చప్పుడేనండి."

"పడవ దగ్గరికి వచ్చుంటుంది ఈపాటికి. అక్కడే... అక్కడే కాళ్ళ కింద రోడ్డు తెగిపోతుంది. ఆపెయ్, ఆపెయ్ డేనియల్, నా వల్ల కాదు!"

"మేడం వచ్చేస్తున్నారు సార్."

"తులసీ! కుర్చీ తే డేనియల్. కూర్చో. ఏడవకు. ఏమైంది?"

"ఏముంది... జారిపోయింది."

"పడవ దగ్గరేనా?"

"ఆఁ. పడవ దగ్గరే."

"గట్టిగా పట్టుకున్నావా?"

"రెండు చేతులా పట్టుకున్నాను. ఎవరివల్లా కాదండీ. మీరని కాదు, ఎవరివల్లా కాదు."

"చెప్పానా! చెప్పానుగా నేను..."

"చెప్పారు. నేనే వినలేదు. వెళ్ళి మొహం కడుక్కోండి. పాపం బయట ఎండలో ఉన్నారు వాళ్ళు, మంచినీళ్ళిప్పించండి."

"నువ్వు ఇక్కడే ఉంటావా? నేనే తీసుకొస్తాను వాళ్ళని."

"ఉంటాను. వెళ్ళండి... డేనియల్ గారూ, వెళ్ళారా ఆయన?"

"వెళ్ళారండి."

"లోపల మొత్తం ఆపెయ్యండి. ఎవర్నీ పంపకండి."

"ఆపక్కర్లేదు మేడం. పాప జారిపోగానే మళ్ళీ మొదట్నించీ దానంతటదే వచ్చేస్తుంది."

"జారలేదు."

"ఏంటండీ?"

"నేను పడవ వైపు వెళ్ళలేదు. వెనక ప్రహరీ ఉందిగా, రోజూ బట్టలారేసేదాన్ని దానిమీద. ఆ గోడ మీంచి పక్కింటివాళ్ళ మెట్లెక్కించేశాను. ఆయన చూసేలోపు ఆపెయ్యండి బాబూ... పాప వాళ్ళ మేడ మీద కూర్చునుంది."