ల్యాబ్ లేచేదాకా

అనకాపల్లి శివార్లలో ఒక రైతు ఇల్లు. మధ్యాహ్నం. ఇంటి నుంచే ఉద్యోగం చేసే కోడలు శ్రావ్య మేడ మీద గదిలో కంప్యూటర్ ముందు ఉంది. గుమ్మంలో మామగారు సత్తియ్య.

"అది కాదు మావయ్యా, ఇది టీయేనా? బెల్లం పానకంలా ఉంది. ఎవరు పెట్టేరు?"

"నేనే. తాగు. మీ అత్తకంటే బాగానే పెట్టేను."

"అత్తయ్య ఏది?"

"సేనుకాడ... అది సర్లే, మెషీన్ లేసిందా?"

"మీకెందుకండీ మెషీన్ గోల? మెట్లెక్కితే మోకాళ్ళు పట్టేత్తాయని మేడ మొహమే చూడరు. ఇవాళేమో దిగడమే లేదు!"

"కోడలు ఏం సేత్తందో సూడకూడదేటి? టకటకలాడించేత్తన్నావు. ఏటయింది దానికి, సెప్పు."

"చెప్తే వింటారా, కునుకు తీత్తారా?"

"ఇంటాను. సెప్పు."

"విశాఖపట్నంలో ఆ పెద్దాసుపత్రి ఉంది కదా, మా కంపెనీ చూసేది. దానికి ఒకటే పెద్ద మెషీన్. లోపల భాగాలు పంచేసి ఉంటాయి. బిల్లులకొకటి, మందులకొకటి, రక్తపరీక్షల ల్యాబ్‌కొకటి, కొత్తోళ్ళు నేర్చుకోడానికొకటి. దేని మెమొరీ దానిదే. మెమొరీ మార్చాలని పొద్దున్న ల్యాబ్‌ది ఆపేరు. ఇప్పుడు లేవనంటంది."

"ఎందుకు లేవదూ?"

"ఒక్కోదానికి మూడంకెలు రాత్తాం. కనీసం ఇంత, కావలసింది ఇంత, ఎంత పెంచినా ఇంత. ఆ కనీసం దొరక్కపోతే అసలు లేవదు."

"నీ మొగుడు లాగన్నమాట. నాలుగిడ్లీలు పడకపోతే మంచం దిగడు."

"నాలుగా? ఆరు! మీ అబ్బాయే కదా, ఆ అంకె మీరే రాసుంటారు."

"నేను కాదమ్మా, మీ అత్త... మరి ఆ కనీసం ఏమైపోయింది?"

"నేర్చుకునేవాళ్ళ భాగం మింగేసి కూర్చుంది. మా ఆఫీసులో నానాజీ అని ఒకడు దానికి ఎక్కువ రాసేసేడు."

"లాక్కో మరి!"

"లాక్కుంటన్నాను. ఒక్కసారి లాగితే అది పడిపోద్ది. కొంచెం కొంచెం తియ్యాలి."

"తొందరగా తియ్యమ్మా."

"అబ్బో! మా మేనేజరు కూడా ఇంత తొందర పెట్టడు."

"మీ మేనేజరుకేటి..."

"ఏటి?"

"ఏటీ లేదు. సెయ్యి."

"మావయ్యా, మీ ఫోను మోగుతంది."

"మోగనీ."

"ఎత్తండి. మీ అబ్బాయి త్రినాథేమో."

"...ఆఁ, సెప్పరా. ...ఊఁ. ...ఇక్కడే ఉన్నాను. ...సేత్తంది, సేత్తంది. ...లేదు, సెప్పలేదు. పెట్టెయ్."

"ఏటి చెప్పలేదు?"

"యూరియా. కొట్లోకి వచ్చిందంట."

"దానికి గుసగుసలేటండీ?"

"యూరియా సంగతి గట్టిగా సెప్తే ఊరంతా ఎగబడిపోరేటి?"

"ఈ మధ్య మీకు అబద్ధాలు కూడా వచ్చేత్తన్నాయి... అదిగో, మెమొరీ వచ్చింది. ల్యాబ్‌కి ఇచ్చేను. లేత్తంది."

"లేసిందా?"

"లేచింది... అయ్యో."

"అయ్యో ఏటి?"

"మెనూ దగ్గర ఆగిపోయింది."

"ఆగిపోడమేటి! ఇప్పుడే లేసిందన్నావు కదా! ఆగిపోతే ఎలాగ?"

"అరుత్తారేటి మావయ్యా! వాటికి లేచే పద్ధతులుంటాయి. మామూలుగా లేపితే నేరుగా పనిలోకి వెళ్ళిపోద్ది. రిపేరు పద్ధతిలో లేపితే, ఏ డిస్కు నుంచి మొదలెట్టమంటావు అని అడుగుతా నిలబడిపోద్ది. నానాజీ ఆ పద్ధతి పెట్టి, మార్చకుండా వదిలేసేడు."

"ఎక్కడుంటాడాడు? కర్రట్టుకెల్తాను."

"హైదరాబాద్‌లో. బస్సు టిక్కెట్టు తియ్యమంటారా?"

"హాస్యాలు తర్వాత. ముందు దాన్ని లేపు."

"లేపుతన్నానండీ. ఆపేను... నార్మల్ అని మార్చేను... మళ్ళీ లేపేను. కాసేపు పడతాది."

"కానీ తల్లీ, కానీ."

"ఏటి మావయ్యా? ఇందాకట్నుంచి ఊపిరి తిప్పుకోనివ్వలేదు, ఇప్పుడేమో గోడకి జేరబడిపోయేరు. ఒంట్లో బాగానే ఉందా?"

"నన్ను సూడకు. దాన్ని సూడు."

"చూత్తన్నాను... వత్తంది... లేచింది! మావయ్యా, ల్యాబ్ లేచింది! ఆగిపోయిన రిపోర్టులన్నీ ప్రింటరుకి వెళ్తన్నాయి, చూడండి."

"అందులో పేర్లు కనపడతాయా అమ్మా?"

"నాకు పేర్లు రావు, నంబర్లే. ఎవరి పేరు కావాలేటి మీకు?"

"ఉండు, ఫోను... ఆఁ త్రినాథూ! ...వచ్చిందా? సేతికిచ్చేరా? ...రక్తం దొరికిందా? ...లోపలికి తీసికెల్లిపోయేరా? ...సరే, సరే నాయినా. నేను సెప్తాన్లే."

"రక్తమేటి? ఎవరికి మావయ్యా? త్రినాథ్ ఎక్కడున్నాడు?"

"కూకో. మీ అత్త పొద్దున్న బోరు గట్టు మీంచి పడిపోయింది. తొడెముక ఇరిగింది, రక్తం పోయింది. ఆ ఆసుపత్రికే తీసికెల్లేడు నీ మొగుడు. రిపోర్టు రాందే ఆపరేషన్ సెయ్యలేం, కంప్యూటర్లు పడిపోయేయన్నారంట. ఇప్పుడొచ్చింది. పేణానికేం పరవాలేదంటన్నాడు డాట్రు."

"పొద్దున్న జరిగితే... నా పక్కనే నిలబడి... నాకెందుకు చెప్పలేదు మావయ్యా?"

"సెప్తే కీబోర్డు మీద నీ సెయ్యాడేదేటి? ఇంక పరవాలేదు, ఇప్పుడు ఏడు తల్లీ. నేనూ అందుకే ఏడుపాపుకున్నాను."