జబ్బు చెప్పించి పాలసీ ఇచ్చిన ఉమాదేవి గారు

1974 జూలై ఐదవ తేదీన అనంతపురంలోని మా సాధారణ బీమా సంస్థ శాఖా కార్యాలయంలో సహాయకురాలిగా చేరిన శ్రీమతి ఉమాదేవి గారు, ముప్పైనాలుగేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఇది శుభసందర్భమే అయినా నాకు దిగులుగానే ఉన్నది. అయినా వారి సహోద్యోగిగా నాకు తెలిసిన నాలుగు మాటలు విన్నవించుకుంటాను.

కొత్తచెరువులో పుట్టి పెరిగిన ఆమెకు తొలినాళ్లలో పశువుల బీమా విభాగాన్ని అప్పగించారు. వానలు మొహం చాటేసిన ఏడాది పాడిపశువే దిక్కయిన మా జిల్లాలో, బీమా బిళ్ల చెవికి వేయించుకున్న ఎనుములు వేలకొద్దీ కనిపించేవి గాని, ఆసుపత్రి ఖర్చుకు బీమా ఉన్న మనిషి మాత్రం వెతికినా దొరికేవాడు కాదు. తొంభైల చివర వ్యక్తిగత ఆరోగ్య బీమా బాధ్యత చేతికి రాగానే, "ఎనుముకు చేయిస్తివి కదన్నా, నీకెప్పుడు?" అని అడుగుతూ ఆమె పల్లెలు తిరగనారంభించారు. "రోగం రావాలని ముందే దుడ్లు కట్టాల్నా?" అని కసురుకున్న వారితోనూ నవ్వుతూ మాట్లాడడం ఆమెకు అబ్బిన విద్య. నాకైతే ఒళ్లు మండేది.

పాలసీ అమ్మడం కన్నా కొనడం నేర్పడమే తమ విధి అని ఆమె భావించారు. ఏ జబ్బుకు బీమా వర్తిస్తుందో చెప్పడానికి ముందే ఏ జబ్బుకు వర్తించదో విడమరచి, విన్నవారి చేత తిరిగి చెప్పించుకునేదాకా సంతకం పెట్టనిచ్చేవారు కారు. ఇట్లా అయితే టార్గెట్లు తెమిలేదెప్పుడని మేము సణిగినా ఆమె చెవిన వేసుకోలేదు.

ఎవరింటికి వెళ్లినా కాఫీ వద్దనరని ఆమెను మేము చాటుగా ఆటపట్టించేవాళ్లం. అందులోని మర్మం 1999లో యాడికి అనే ఊళ్లో నాకు తెలిసింది. మేము వెళ్లినది సుబ్బన్న అనే వేరుశనగ రైతు ఇంటికి. జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగితే, "నాకేం రోగం మేడమ్, గుండ్రాయి మాదిరి ఉండా. లేదని రాసుకోండి" అన్నాడు. ఆయన భార్య చౌడమ్మ మాకు కాఫీ ఇచ్చి, భర్తకు మాత్రం వేరుగా కలిపిన గ్లాసు తెచ్చింది.

"అన్నకు చక్కెర లేకుండా ఎన్నాళ్ల నుంచి ఇస్తాండావమ్మా?" అని ఉమాదేవి గారు తాపీగా అడిగారు.

"నాలుగేండ్లాయ మేడమ్" అన్నది చౌడమ్మ, భర్త వైపు చూడకుండా.

సుబ్బన్న దిగ్గున లేచాడు. "ఉండాదని రాస్తే పాలసీ ఇయ్యరంట. ఊర్లో అందరూ లేదనే రాయించినారు. నా పెండ్లాం పిల్లోళ్లకు దిక్కు లేకుండా చేస్తావా?"

"లేదని రాస్తే పాలసీ వస్తాదన్నా. రేపు నువ్వు ఆసుపత్రిలో పండుకుంటే డాక్టరు నీ చక్కెర సంగతి రాస్తాడు. అబద్ధం చెప్పినావని మావోళ్లు ఏ జబ్బుకూ దుడ్లు ఇయ్యరు. ఆ పొద్దు చౌడమ్మ యాడికి పోవల్ల?"

సుబ్బన్న తిరిగి కూర్చుని కాఫీ తాగేశాడు. చివరికి "రాయి తల్లీ, ఉండేది రాయి" అన్నాడు.

చక్కెర వ్యాధికి, దానివల్ల వచ్చే ఇబ్బందులకు వర్తించదన్న షరతుతో పాలసీ మంజూరైంది. మరుసటి ఏడాది సుబ్బన్నకు కడుపునొప్పి ముదిరి అపెండిక్స్ ఆపరేషన్ చేయవలసి వచ్చింది. చక్కెర సంగతి ముందే తెలిపి ఉన్నందున, ఈ జబ్బుకు దానితో సంబంధం లేనందున, ఆసుపత్రి ఖర్చు ఏ చిక్కూ లేకుండా చేతికందింది. చేను అమ్ముకునే పని పడలేదు, మనిషీ దక్కాడు. ఆ తరువాత యాడికి ఊరివాళ్లు ఎన్నడో పోయిన తలనొప్పులు సైతం రాయించి మా ప్రాణాలు తీశారు. మేము సంతోషంగానే రాసుకున్నాం.

మొన్న రెన్యూవల్‌కు వచ్చిన సుబ్బన్న ఈ విరమణ కబురు విని, "అయితే ఇంగ మాతో నిజం చెప్పించేదెవరన్నా?" అని నన్ను అడిగాడు. "మేమే అడుగుతాంలే" అన్నాను గాని, నా మాట నాకే పేలవంగా తోచింది. వారు నేర్పిన ఓపిక మాకెవరికైనా అబ్బాలని మనసారా కోరుకుంటున్నాను.

ఉమాదేవి గారు గత మాసమే తమకు, తమ భర్త కేశవ గారికి స్వయంగా పాలసీ తీసుకున్నారు. ఏటేటా దానిని తప్పక పునరుద్ధరించుకుంటూ, ఒక్కనాడూ దానితో పనిపడక, ఆయురారోగ్యాలతో ఆ దంపతులు నిండు నూరేళ్లు వర్ధిల్లాలనీ, వారి క్లెయిము మీద సంతకం పెట్టే అవకాశం మా శాఖలో ఏ ఒక్కరికీ ఎన్నటికీ రాకూడదనీ ఆకాంక్షిస్తున్నాను.

— ఓబులేష్